స్కేలు పెట్టి సానపట్టిన బ్లేడు

ఆయన మంచివాడే, ఆ మాట ఎవరూ కాదనరు. మ్యాపులు గీసే ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు చేసి, ఒక్క గీత కూడా వంకర పోనివ్వలేదని పేరు తెచ్చుకుని రిటైరయ్యాడు. చిక్కల్లా అక్కడే. గోడమీద క్యాలెండరు వెంట్రుకవాసి పక్కకి ఒరిగితే చాలు, ఆయనకి అన్నం సహించదు.

ఆయన భార్యది సానపట్టే పని. తండ్రి దగ్గర నేర్చుకుంది. వీధివైపు గదిలో మూడు సానరాళ్ళు, నీళ్ళ చెంబు, ఓ తోలుముక్క. అంతే కార్ఖానా. ఒకప్పుడు వడ్రంగులంతా ఆవిడ గుమ్మం ముందే ఉండేవారు. వీధి మొగలో మిషను షాపు వెలిశాక ఒక్కొక్కరే అటు జారారు. చివరికి ఒక్కడు మిగిలాడు. అతనూ పోతే ఇక రాళ్ళు అటకెక్కించుకోవడమే.

ఆరోజు ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర పన్ను పీకించుకుని రెండింటికి ఇల్లు చేరేసరికి, ఆయన చేటంత మొహం చేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏవోయ్, నీ పని సగం తగ్గించేశాను! ఆ వడ్రంగి ఇచ్చిపోయిన, చిత్రికపట్టే తోపడా బ్లేడు ఉంది చూశావూ, స్కేలు ఆనిస్తే మధ్యలో ఉబ్బు, రెండు మూలలూ కిందికి. నువ్వు చూసుకోలేదు కాబోలు. గంటన్నర కూచుని గీత గీసినట్టు చేశాను."

ఆవిడ నోట్లో దూది తీసి పారేసింది.

"అయ్యో నా ఖర్మ! అది వంకర కాదండీ. పదకొండేళ్ళుగా నేను కావాలని ఉంచుతున్న వంపు! పలక చిత్రిక పడుతుంటే మూలలు చెక్కలో దిగకూడదని. ఇప్పుడు ఇది నాగలిలా చాళ్ళు తీస్తుంది!"

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు ముట్టుకుంటారని కలగన్నానా?"

"ఎంతైనా, వంకరని తిన్నగా చెయ్యడం తప్పంటావా?"

ఆవిడ తల కొట్టుకుంది. నాలుగింటికి వడ్రంగి వస్తాడు. మర్నాడు పొద్దున్నే బల్ల అప్పజెప్పాలి అతను, పలకలింకా చదునుచెయ్యాలి. దవడ సలుపుతున్నా గరుకురాయి ముందేసుకు కూచుంది. ఒక మూల నొక్కిపట్టి రుద్దడం, వెలుతురుకెత్తి చూడడం, మళ్ళీ రుద్దడం. పక్కనే ఆయన.

"అటు పన్నెండుసార్లు, ఇటు పది. లెక్క కుదరలేదు."

"పోయింది పన్నేనండీ, చెవులు కాదు. లోపలికెళ్ళండి."

వెళ్తే ఆయనెందుకవుతాడు?

మూడున్నరకే దిగాడు వడ్రంగి. అప్పటికి ఒక మూలే అరిగింది. 'చెయ్యి జారింది' అన్న అబద్ధం ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఆ అంచు అతను కళ్ళు మూసుకుని తడిమినా పోల్చుకుంటాడు.

"పాడైంది నాయనా. మా ఇంట్లోనే పాడైంది. గంట ఆగితే మళ్ళీ వంపు తెస్తాను. ఆగలేనంటే మిషను షాపుకి పో, ఏమీ అనుకోను."

"నేనే తిన్నగా చేశాను," అన్నాడాయన, ఉండబట్టలేక. "స్కేలు పెట్టి మరీ."

వడ్రంగి బ్లేడు వంకా చూశాడు, ఆయన వంకా చూశాడు.

"బాబాయ్, నీ మ్యాపులకి నేనెప్పుడైనా చిత్రిక పట్టానా?"

ఆయన స్కేలు వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు. పెళ్ళయ్యాక అదే మొదటిసారేమో.

వడ్రంగి గుమ్మంలో చతికిలబడ్డాడు. "మిషనువాడైనా తిన్నగానే చేసిస్తాడు పిన్నీ. వాడికి వంపంటే తెలీదు. కానియ్యి, కూచుంటాను. బాబాయ్, ఊరికే నిలబడకపోతే రాయిమీద నీళ్ళు పోయ్."

పోశాడు. ఎక్కువే పోశాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు తడిసి ముద్దయ్యాయి. పళ్ళు బిగబట్టింది, ఉన్నవాటితోనే.

నాలుగున్నర దాటాక బ్లేడు తోపడాలో బిగించి, వెంట తెచ్చుకున్న చెక్కముక్కమీద తోశాడు వడ్రంగి. ఉల్లిపొరలా లేచింది చెక్క. అరచేత్తో రాసి చూశాడు. ఎక్కడా చార లేదు.

"ఇకమీదట బ్లేడు వదిలేసి వెళ్ళను పిన్నీ," అన్నాడు తోపడా సంచిలో పెట్టుకుంటూ. "తెస్తాను, నువ్వు పట్టినంతసేపూ ఇక్కడే కూచుంటాను."

అతను సందు మలుపు తిరిగాడో లేదో, ఆయన అందుకున్నాడు.

"చూశావా! మనమీద నమ్మకం లేదన్నమాట!"

"మనమీద కాదండీ," అంది ఆవిడ, కుచ్చిళ్ళు పిండుకుంటూ. "మీమీద."