ఈగలు చెప్పిన సంగతి

టీ గ్లాసు అంచు మీద వాలిన ఐదో ఈగను ఊదేసి, అద్దాలాయన మిగిలిన టీని ఒక్క గుక్కలో తాగేశాడు. ఆరోదానికి ఆ అవకాశం ఇవ్వదలచుకోలేదు. మొన్న రెండు కనిపించాయి, నిన్న పది. ఇవాళ తెల్లారేసరికి వంటగది కిటికీ సగం నల్లబడింది. తువ్వాలు విదిలిస్తే అన్నీ కలిసి లేచి, గదంతా ఒక చుట్టు తిరిగి, అద్దె కడుతున్న వాళ్లలాగా దర్జాగా మళ్లీ అక్కడే కూర్చున్నాయి.

బేరాల్లేక ఈగలు తోలుకునే రోజు వస్తుందని అతను పనిచేసే కళ్లజోళ్ల దుకాణం యజమాని ఎప్పుడూ బెదిరిస్తుంటాడు. ఆ పని ముందు ఇంట్లోనే వచ్చిపడుతుందని అద్దాలాయన అనుకోలేదు.

"ఏ రంగువిరా అవి?" పొయ్యి ముందు నుంచి అక్క అడిగింది.

"ఆకుపచ్చవి. ఎదురుగానే ఉన్నాయిగా అక్కా, చూడు."

"పొద్దున్నే ఈగల మొహం చూస్తూ కూర్చోమంటావా? నాకు పనుంది. నాలుగు రోజులుగా వాసన వస్తోందంటే విన్నావు కాదు."

అతనికి వాసన తెలియదు. నలభై ఏళ్లుగా పీల్చిన లెన్సుల సాన దుమ్ము ముక్కును మొద్దుబార్చింది. వేలికొసలు కూడా అరిగి, గాజులా నున్నబడ్డాయి. ఎక్కడైనా వేలిముద్ర వేయమంటే రెండోసారి, మూడోసారి నొక్కించుకుంటారు.

అమ్మ పోయేనాటికి అతనికి ఆరేళ్లు, అక్కకు పద్నాలుగు. అప్పుడు పట్టుకున్న గరిటను ఆమె మళ్లీ దించలేదు. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా నువ్వు ముందు చేసుకోమంటే నువ్వు ముందు చేసుకోమని ఇద్దరూ మర్యాదలకు పోయారు. ఆ మర్యాదల్లోనే అతనికి అరవై, ఆమెకు అరవై ఎనిమిది వచ్చేశాయి.

దుకాణం వెనకగదిలో చక్రం ముందు కూర్చుని, కంటి చీటీలు చూసుకుంటూ లెన్సులను ఫ్రేములకు సరిపడా అరగదీయడం అతని పని. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీస్తే, అంచు మడతలో చచ్చిన ఈగ ఒకటి ఇరుక్కుని ఉంది. పారేయబోయి, ఎందుకో లెన్సుల మీద గీతలు వెతికే పెద్ద భూతద్దం కింద పెట్టాడు.

దాని కన్ను సన్నని జల్లెడలా ఉంది, చిల్లు చిల్లుకీ ఒక లెన్సు. ఒకదాన్నొకటి ఆనుకుని, వరస తప్పకుండా, మధ్యలో వెంట్రుక దూరే సందు లేకుండా. లెక్కపెట్టబోయి వంద దాటాక చేతులెత్తేశాడు. రోజంతా వంచిన నడుం ఎత్తకపోతే అతను ఇరవై లెన్సులు పూర్తిచేస్తాడు. పొద్దుటి నుంచీ తను తువ్వాలుతో కొడుతున్నది ఇంతటి పనితనాన్నా అనుకునేసరికి అతనికి సిగ్గేసింది. అన్నం తినడం మర్చిపోయి చాలాసేపు చూశాడు.

"ఇంట్లో ఈగలండీ, ఇవాళ్టికి వెళ్తాను" అన్నాడు యజమానితో.

"ఈగలకి కూడా సెలవా? రేపు దోమలంటావు" అన్నాడుగానీ యజమాని వెళ్లనిచ్చాడు.

ఇంటికొచ్చి తూము చూశాడు, అటక చూశాడు, అలమర జరిపి చూశాడు. ఎక్కడా ఏమీ చావలేదు. అక్క పీట మీద కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతోంది. తొక్క పొడవుగా, తెగకుండా కిందికి దిగుతోంది. అది పూర్తికాగానే తల తిప్పకుండా ఎడమచేత్తో తలుపు వెనక్కి విసిరింది. గురి తప్పలేదు.

అద్దాలాయన తలుపు రెక్క లాగి చూశాడు. అక్కడున్నది చెత్తబుట్ట కాదు. లెన్సులు తుడిచిన పాతగుడ్డలను ఉతికించడానికని దుకాణం నుంచి తెచ్చిన గంప. అది చేతికందేలా ఉండాలని చెత్తబుట్టను తలుపుకు అవతలి పక్కకు తనే జరిపాడు. గంపలో పది రోజుల తొక్కలు కుళ్లిపోయి ఉన్నాయి. వాటి నిండా బియ్యపు గింజల్లాంటి పురుగులు కదులుతున్నాయి. ఈ మధ్య చెత్త తేలిగ్గా ఉంటోందని అతను సంతోషించాడు కూడా.

"అక్కా, చెత్తబుట్ట ఎక్కడుంది?"

"ఎక్కడుంటుందిరా? తలుపు వెనకే."

అతను అవతలి పక్కనున్న బుట్టను కాలితో తట్టాడు. ఆమె చేతిలో కత్తి ఆగింది.

"జరిపావా?"

"జరిపాను."

"చెప్పొద్దూ!" అంది అక్క. కోపంగా మొదలైన మాట చివర సన్నబడింది.

"ఎన్నాళ్ల నుంచి కనపడట్లేదు?" అన్నాడతను.

"బొత్తిగా పోయి రెండేళ్లు. పక్కింటి టీచరమ్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కంటి నరం ఎండిపోయిందట. నీ లెన్సుకి లొంగేది కాదు."

"మరి నేను ఏటేటా అక్షరాల చార్టు ముందు నిలబెడితే గడగడా చదివేదానివి?"

"అది గోడ మీద ఉండబట్టి పాతికేళ్లయింది. రాకేం చేస్తుంది?"

"నేనిచ్చిన కొత్త కళ్లజోడు?"

"బాగుందిరా. తేలిగ్గా ఉంది."

అతనికి నవ్వొచ్చింది, నవ్వులోంచి ఏడుపొచ్చింది. ఆమె గొంతు విని చెయ్యి చాచి, అతని మోకాలు దొరకబుచ్చుకుంది.

"నీకు తెలిస్తే గరిట లాక్కుని నన్ను కుర్చీలో కూర్చోబెడతావు. ఆ పని మాత్రం చెయ్యకు నాన్నా. కూర్చుంటే పోతాను."

రెండేళ్లు. కాగే నూనె, మరిగే పాలు, పదునైన కత్తి, నిండు బిందె. ఒక్కనాడు ఉప్పు ఎక్కువ కాలేదు, ఒక్క గ్లాసు పగల్లేదు. ఊరందరి చూపుకీ అద్దాలు సానబట్టే తను, పక్కనే జరుగుతున్న ఇంత పెద్ద పనిని చూడలేదు. మధ్యాహ్నం ఈగ కన్ను చూసి నోరు తెరిచినవాడు ఇప్పుడు అక్క చేతులు చూస్తూ నేల మీద కూర్చుండిపోయాడు. లేవబుద్ధి కాలేదు.

చాలాసేపటికి లేచి గంపను బయట పారేసి, నేల కడిగి, చెత్తబుట్టను పాతచోటుకు తెచ్చాడు. "కాస్త ఇటు" అంది అక్క. చప్పుడును బట్టే జానెడు తేడా పట్టేసింది. సరిచేశాడు. తలుపులన్నీ బార్లా తీస్తే సాయంత్రానికి ఈగలు పల్చబడ్డాయి. రాత్రి వంట ఆమే చేసింది.

ఆ తర్వాత అతను ఆ ఇంట్లో పీటను కూడా బెత్తెడు జరపలేదు. నాలుగు నెలల తర్వాత ఒక ఆదివారం ఉదయం, పప్పు నానబోసి, కాసేపు నడుం వాలుస్తానని వెళ్లి అక్క మరి లేవలేదు.

కర్మలన్నీ అయ్యాక మొదటిసారి తన బట్టలు తనే తీసుకుందామని అతను బీరువా తెరిచాడు. తెల్లచొక్కా తీసి దులుపుతుంటే కాలరు తిరగబడింది. కాలరు మడత కింద దారంతో వేసిన చిన్న ముడి. నీలం చొక్కా తీశాడు. దానికి రెండు. రోజూ ఏ చొక్కాకు ఏ ప్యాంటు కుదురుతుందో ఎంచి మంచం మీద పెట్టేది అక్క; రంగులను ఆమె గుర్తుపట్టింది ఈ ముడులతోనే. సూదిలోకి దారం ఎలా ఎక్కించేదో అతను ఎంత ఆలోచించినా అందలేదు.

అడుగున, పోయిన నెల కొన్న గోధుమరంగు చొక్కా ఉంది. కాలరు కింద రెండు ముడులు బిగించి ఉన్నాయి. మూడోది ఇంకా వదులుగా, సూది దానికే వేలాడుతూ ఉంది.