పక్కింటి సోఫా

మా అమ్మ దగ్గర పరువు తప్ప ఇంకేమీ లేదు. దాన్ని మాత్రం ప్రాణంలా కాపాడుకుంటుంది. ఆ సంగతి తెలిసి కూడా, కాలేజీవాళ్ళు ఇల్లు చూడటానికి వస్తారని ఆమెకి ముందే చెప్పడం నా బుద్ధితక్కువ పని.

నేను వృద్ధాశ్రమంలో ఆయాని. సోషల్ వర్క్ డిగ్రీ ఉంటే అక్కడే కౌన్సెలర్‌నవుతాను, లేకపోతే పక్కగుడ్డలు మారుస్తూనే ముసలిదాన్నవుతాను. అద్దాల మేడలో ఉన్న కాలేజీ ఫీజు వింటేనే కళ్ళు తిరిగాయి. ఇంట్లో కూర్చుని చదివే కోర్సు చవకే గానీ, అందులో ఫీల్డ్‌వర్క్ లేదు, మా ఆశ్రమంవాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోరట. చివరికి మార్కెట్ వెనకాల పాత కాలేజీ ఒకటి దొరికింది. సాయంత్రం క్లాసులు, లేనివాళ్ళకి ఫీజు మాఫీ. కాకపోతే ఒక మేడమ్ వచ్చి మా లేమిని కళ్ళారా చూసి వెళ్ళాలి.

డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో అడుగు పెట్టేసరికి మా ఒంటిగదిలో పక్కింటి పిన్నిగారి సోఫా, మూలన వాళ్ళ ఫ్రిజ్. సోఫాలో మేడమ్, ఎదురుగా ఇస్త్రీ బట్టల్లో అమ్మ. ఏమీ లేనివాళ్ళని కాలేజీలో చేర్చుకోరని ఆమె భయం. ఫీజు మాఫీకి వచ్చినావిడకి ఫ్రిజ్ చూపించే తల్లి లోకంలో మా అమ్మ ఒక్కతే ఉంటుంది.

"ఫ్రిజ్ కొని ఎన్నాళ్ళయిందమ్మా?" మేడమ్ అడుగుతోంది.

"రెండేళ్ళవుతోంది," తడుముకోకుండా చెప్పింది అమ్మ.

మేడమ్ రాసుకుంది. ఆ పెన్ను కదిలినప్పుడల్లా నా సీటు చేజారిపోతోంది.

"అమ్మా, ఒకసారి ఇటు రా," అన్నాను.

"మంచినీళ్ళు ఇచ్చాన్లేవే. కూర్చో."

మేడమ్ నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మా. ఇవన్నీ మీవేనా?"

అమ్మ నన్నే చూస్తోంది. అది బతిమాలే చూపు కాదు, నోరు మూసుకోమనే చూపు. నాకు ఒళ్ళు మండింది.

"మావి కావండీ. పక్కింటివాళ్ళవి."

అమ్మ లేచింది. "కాస్త లేస్తారా మేడమ్," అని సోఫా ఒక కొస పట్టుకుని గుమ్మం వైపు లాగసాగింది. సాయం పట్టబోతే నన్ను మోచేత్తో నెట్టేసింది. రెండో కొస మేడమ్ పట్టుకుంది. సందులో అందరూ చూస్తుండగా ఇద్దరూ దాన్ని పిన్నిగారింటికి మోసుకెళ్ళారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తిరిగొచ్చి మేడమ్ నేలమీదే కూర్చుంది. ఈసారి అమ్మ అన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది, ఆఫీసుల్లో తుడిచే పని సంగతీ, కారే కప్పు సంగతీ.

"మాఫీకి నేను రాసేస్తానమ్మా. సీటు ఖాయం," అంది మేడమ్ లేస్తూ. నాకు ఏడుపొచ్చినంత పనయింది. అమ్మ మాత్రం చలించలేదు.

"ఈ చదువు చదివితే ఇదీ ఇలాగే ఇళ్ళకెళ్ళి అడుగుతుందా?"

"అడగాల్సి వస్తుందమ్మా."

అమ్మ నా వైపు తిరిగింది. "చదువుకో. కానీ ఎవరింటికెళ్ళినా, తల్లి ఎదురుగా బిడ్డని అడక్కు."

గుమ్మం దాటబోతున్న మేడమ్ ఆగిపోయింది. నేను తల ఎత్తలేకపోయాను.