గడియకు తగిలించిన ఉప్పు మూట

శనివారం ఒంటిపూట డ్యూటీ ముగించుకుని మెట్లెక్కి వచ్చేసరికి తన ఇంటి తలుపు గడియకు ఒక గుడ్డ సంచి వేలాడుతోంది. ఎవరో మరిచిపోయారనుకుని ఆమె పక్కింటి తలుపు కొట్టింది. వాళ్ళు తమది కాదన్నారు. విప్పి చూస్తే లోపల తెల్లటి గళ్ళుప్పు, చిన్న మూటలో ఎండిన ఆకులు, ఒక చీటీ.

"పిడికెడు ఉప్పు వేడినీళ్ళలో కరిగించు. ఆకుల మూట వేసి పది నిమిషాలు ఆగు. తర్వాత ఇరవై నిమిషాలు కూర్చో, అంతకు మించి వద్దు. లేచేటప్పుడు అంచు పట్టుకో. నడుముకి మంచిది."

కింద పేరు లేదు. పైన పేరు లేదు.

పార్సిల్ ఆఫీసులో ఆమె చేసే పనే అది. చినిగిన చిరునామాలు, తడిసిన చిరునామాలు, సగం రాసి వదిలేసిన చిరునామాలు ఆమె బల్ల మీదికి వస్తాయి. అవి ఎవరివో తేల్చి సరైన దారిన పంపాలి. ఇరవై ఏళ్ళుగా నిలబడి ఆ పని చేస్తూ నడుము పోగొట్టుకుంది, బదులుగా 'ఆచూకీ అక్క' అనే బిరుదు సంపాదించుకుంది. అలాంటి మనిషికి తన గుమ్మంలో ఉన్న మూట ఎవరిదో అంతుపట్టలేదు.

ఉప్పు కల్లు ఒకటి నాలిక చివర పెట్టుకుంది. చేదు.

"తిన్నావా!" అని భర్త అదిరిపడ్డాడు. ఆయన లిఫ్టు మెకానిక్. లిఫ్టు లేని భవనంలో కాపురముంటున్నాడని స్నేహితులు ఎగతాళి చేస్తారు. "ఎవరు పెట్టారో తెలీదు, ఏం పెట్టారో తెలీదు, నోట్లో వేసుకోవడమేనా?"

"మీరు పెట్టారేమో అనుకున్నాను."

"నేనా? పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు. ఇప్పుడు కొత్తగా ఎందుకు పెడతాను?"

అందులో నిజముంది. ఆమె మూట పట్టుకుని మందుల షాపుకి వెళ్ళింది. షాపతను వేళ్ళతో నలిపి చూసి, "ఎప్సం ఉప్పండీ. స్నానానికి వాడతారు, వంటకి కాదు. ఆకులు రోజ్‌మేరీ, పుదీనా. ఈ రేకులు చేమంతివి. ఒంటికి పడకపోతే మానేయండి," అన్నాడు.

వాళ్ళ స్నానాలగదిలో ఇంటివాళ్ళు ఎప్పుడో వేయించిన పాత తొట్టి ఉంది. ఇన్నాళ్ళూ అందులో మాసిన బట్టలే స్నానం చేశాయి. ఆ సాయంత్రం ఆమె ఆ మాసిన బట్టలు తీసి పక్కన పడేసి, తొట్టి రుద్ది కడిగి, చీటీలో ఉన్నట్టే చేసింది. ఆకుల వాసన గదంతా కమ్ముకుంది. నీళ్ళు లేత టీ రంగుకి తిరిగాయి. మొదటి ఐదు నిమిషాలు ఇది ఎవరి పనా అని ఆలోచించింది. ఆ తర్వాత ఆలోచన కూడా నీళ్ళలో నానిపోయింది. బయటికి వచ్చి వంగి చెప్పులు తీసుకుంది. అలా వంగి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

పైవారం మళ్ళీ మూట. ఈసారి చీటీలో, "నడుము కాస్త తేరుకుందా? మెట్లెక్కి దిగడం తగ్గించు."

నడుము నొప్పి సంగతి ఎవరికి తెలుసు? ఆఫీసంతటికీ తెలుసు. ఆమె తూకం దగ్గర కూర్చునే అమ్మాయిని అడిగింది.

"నేను కాదక్కా. నేను పెడితే పేరు పెద్దక్షరాల్లో రాసి పెడతాను, నీ దగ్గర మంచి పేరు రావద్దూ?"

మూడో మూటలో చీటీ ఇంకా తికమకగా ఉంది. "అక్కా, ఇంకా కోపం పోలేదా?"

అది చదివి ఆమె మంచం మీద కూలబడింది. ఎవరి మీద కోపం? ఈమధ్య కాలంలో తనకు కోపం వచ్చింది భర్త మీద, అదీ తడి తువ్వాలు మంచం మీద పడేసినందుకు. ఆయన తనని అక్కా అని పిలవడు కదా! సొంత చెల్లెళ్ళు లేరు. తమ్ముడు పేరు పెట్టే పిలుస్తాడు, అతని భార్య వదినా అంటుంది. ఆఫీసులో మాత్రం ముప్పై మంది అక్కా అంటారు. వాళ్ళందరి ముఖాలూ వరసగా చూసుకుంటూ పోయింది. రిజిస్టర్ల గుమాస్తాని ఒకసారి అందరి ముందూ కసిరింది, నిజమే. సోమవారం ఆయన దగ్గరికి వెళ్ళి, "నాకేం కోపం లేదండీ," అంది. ఆయన బిత్తరపోయి, "నాకూ లేదక్కా," అన్నాడు.

"ఊరందరి చిరునామాలూ సరిచేస్తావు," అని భర్త నవ్వాడు. "నీ గుమ్మం దగ్గరికొచ్చేసరికి దీపం కింద చీకటి."

నాలుగో వారం మూటలో లావెండర్ కూడా ఉంది. చీటీ లేదు. ఐదో వారమూ లేదు. చీటీ లేకపోవడం చీటీ ఉన్నప్పటికంటే ఎక్కువ కలవరపెట్టింది. అయినా స్నానం మానలేదు. తనది కాదేమో అనే శంక అప్పుడప్పుడూ తల ఎత్తేది. వేడినీళ్ళు దాన్ని జోకొట్టేవి.

ఆరో శనివారం మూటతో పాటు పెద్ద చీటీ వచ్చింది.

"అక్కా, ఇదే ఆఖరు. వచ్చిన ప్రతిసారీ పాఠం వినబడుతూనే ఉంది. పిల్లల ముందు మనిద్దరికీ మాటలెందుకని తలుపు తట్టలేదు. నువ్వైనా ఒక్కసారి కబురు చేస్తావనుకున్నాను. వద్దనుకుంటే వద్దనే చెప్పొచ్చు. ఇక రాను."

పాఠం అన్న మాట దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. ఆమె ఎవరికీ పాఠాలు చెప్పదు. సరిగ్గా తన నెత్తిమీద, మూడో అంతస్తులో, ఎడమవైపు తలుపు వెనక వయొలిన్ టీచరు ఉంటుంది. శనివారం పొద్దున్నే పిల్లలకు పాఠం చెబుతుంది. ఆ సంగీతం మెట్ల మీదుగా జారి ప్రతి గుమ్మం ముందూ అక్కడే వాయిస్తున్నట్టు వినబడుతుంది. టీచరు నడుముకి పట్టీ కట్టుకుని మెట్లు దిగడం ఆమె ఎన్నిసార్లు చూడలేదు!

ఐదు మూటలు తను వాడేసింది.

ఆరో మూట, దాచిన చీటీలు పట్టుకుని పైకి వెళ్ళింది. టీచరు తలుపు తీసింది. ఆమె మొదలు ఎక్కడ పెట్టాలో తెలియక, "టీచరుగారూ, మీకు చెల్లెలుందా?" అని అడిగేసింది.

టీచరు ముఖం ముడుచుకుంది. "ఉంది. ఎందుకు?"

ఆమె చీటీలు చేతిలో పెట్టింది. టీచరు నిలబడే చదివింది. రెండోసారి చదువుతూ కుర్చీలో కూర్చుంది.

"అమ్మ పోయిన రోజున నేను కచేరీ ముగించుకుని వచ్చాను. ఆలస్యమైంది. అందరి ముందూ అది నన్నొక మాటంది. నేను రెండన్నాను. రెండేళ్ళయింది." మూట ముక్కు దగ్గర పెట్టుకుంది. "రోజ్‌మేరీ ఎక్కువ వేసింది. ఎప్పుడూ ఇంతే, చెప్పినా వినదు. మొత్తం ఎన్ని మూటలొచ్చాయి?"

"ఆరు."

"మిగతావి?"

"స్నానం చేసేశానండీ." సిగ్గుతో తలెత్తలేకపోయింది. "ఎవరిదో కనుక్కోవాల్సింది. కనుక్కోలేదు. బాగుండేసరికి గట్టిగా వెతకలేదు."

టీచరు కోప్పడుతుందో, ఏడుస్తుందో, నవ్వుతుందో ఆమెకు అర్థం కాలేదు. ఆ ముఖంలో మూడూ ఉన్నాయి. చివరికి, "దాని ఫోను నంబరు మారింది. ఇల్లూ మారింది. ఎక్కడని వెతకను?" అంది.

ఈ ప్రశ్న మాత్రం ఆమెకు తెలిసిన ప్రశ్న. చీటీలన్నీ తిరగేసింది. ఏదో దుకాణం కాగితం సంచి కత్తిరించి రాసినవే. ఒకదాని వెనక 'లికల దుకాణం' అని, ఇంకోదాని వెనక 'వంతెన దిగగానే' అని ముద్ర ఉంది. "మూలికల దుకాణం, పాత వంతెన పక్కన. ఆ వీధి పార్సిళ్ళు నా బల్ల మీదినుంచే పోతాయి. చెప్పులేసుకోండి," అంది.

దుకాణంలో ఒకావిడ తక్కెడ ముందు నిలబడి ఉప్పు తూస్తోంది. తలెత్తి అక్కను చూసింది. చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. తర్వాత పక్కనున్న మనిషిని చూసి, "ఈవిడెవరు?" అంది.

"నీ మూటలన్నీ వాడుకున్నావిడ," అంది టీచరు.

ఆచూకీ అక్క ఉన్నదున్నట్టు చెప్పింది. చెల్లెలు ఒప్పుకోలేదు. "మూడో అంతస్తు, ఎడమ తలుపు అని నీ శిష్యురాలి తల్లి చెప్పింది. నేను మూడే ఎక్కాను. లెక్కపెట్టుకుంటూ ఎక్కాను!"

"కిందిది కలిపి లెక్కపెట్టావా?"

"కలపనా మరి? అందులో మనుషులు లేరా?"

"నేలని అంతస్తని ఎవరంటారే?"

"ఇల్లుంటే అంతస్తే! నీకు చిన్నప్పట్నించీ లెక్కలు రావు."

"నాకా? తాళం లెక్కపెట్టి బతుకుతున్నదాన్ని!"

గొంతులు పెరిగాయి. కొనడానికి వచ్చినవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఆమె ఇద్దరి మధ్యా నిలబడి అటూ ఇటూ తల తిప్పింది. కలుపుదామని తీసుకొస్తే మళ్ళీ మొదలైందేమిట్రా దేవుడా అనుకుంది. అప్పుడు చూసింది, టీచరు చెయ్యి తక్కెడ మీదుగా వెళ్ళి చెల్లెలి మణికట్టు పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకుందో తెలియదు. పోట్లాట మాత్రం ఆగలేదు.

ఇంకో చిక్కు తర్వాత బయటపడింది. టీచరింట్లో తొట్టి లేదు. ఎప్పుడో పీకించేసి అక్కడ వయొలిన్ పెట్టెల అల్మరా పెట్టించుకుంది. చెల్లెలికి ఆ సంగతి తెలియదు. మూటలు సరైన గుమ్మానికే చేరినా స్నానం జరిగేది కాదు.

అందుకని ఇప్పుడు శనివారం సాయంత్రాలు టీచరు ఒక అంతస్తు దిగి వస్తుంది. చెల్లెలు మూట పట్టుకుని, తన లెక్క ప్రకారం మూడో అంతస్తు, అందరి లెక్కలో రెండోది ఎక్కి వస్తుంది. అక్క లోపల, చెల్లెలు తలుపు బయట పీట మీద.

"ఉప్పు కరిగిందా?"

"కరిగింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి."

"మోచెయ్యి పెట్టి చూశావా?"

"నాకు నేర్పకు."

లిఫ్టు మెకానిక్ గ్రీజు చేతులతో, భుజాన తువ్వాలుతో వచ్చి హాల్లో నిలబడి, "మన స్నానాలగదిలో ఎవరున్నారు?" అని అడుగుతాడు. ప్రతి వారం చెబుతూనే ఉన్నా ఎవరు అక్కో ఎవరు చెల్లెలో ఆయనకి బోధపడదు. ఆచూకీ అక్క ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, "కాస్త ఆగండి, టీచరుగారి తర్వాత నేను, నా తర్వాతే మీరు," అంటుంది.