సక్కుబాయి అరుగు

ఛత్రినాకలోని ఆ గల్లీ వాళ్లకు సక్కుబాయి నోరంటే హడల్, ఆమె ఇంటి ముందున్న అరుగంటే ముచ్చట. పక్కలకు సున్నం, అంచుకు ఎర్రటి జాజు పట్టెలు, పైన రోజూ ముగ్గు. బోనాల నాడు బోనం కుండను మొదట ఆ అరుగు మీద పెట్టి, దీపం వెలిగించి, ఆ తర్వాతే నెత్తికెత్తుకునేది. డప్పుల వాళ్లు కూడా ముందు అక్కడే ఆగేవాళ్లు. మేస్త్రీ పని చేసే ఆమె మొగుడు ఎల్లప్ప పదకొండేళ్ల కింద సొంత చేతులతో కట్టిన అరుగది. దానికి ఒకసారి సైకిల్ ఆనించినవాడు రెండోసారి ఆనించలేదు.

సరిగ్గా ఆ అరుగు వెనకున్న గోడకే మున్సిపల్ ఆఫీసు వాళ్లు సోమవారం నోటీసు అంటించి పోయారు. ఇంటి ముందు మోరి జామైందనీ, శనివారంలోగా బాగుచేయించకపోతే యజమాని సక్కుబాయికి జరిమానా వేసి డ్రైనేజీ కనెక్షన్ తీసేస్తామనీ దాని సారాంశం. ఇంటి కాగితాల మీద తన పేరు పడిన రోజున సక్కుబాయి గల్లీ అంతా దూద్‌పేడలు పంచింది. ఆ పేరే ఇప్పుడు నలుగురూ చదివేలా గోడకెక్కింది. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మంట ఎందుకంటే, మురికినీళ్లు పొంగుతున్నది ఆమె ఇంటి ముందు కాదు. ఎగువన పక్కిల్లు ఆటో నడిపే బాలనర్సింహది. అతని గడప ముందున్న మోరి మూత సందుల్లోంచి వారం రోజులుగా నీళ్లు ఊరుతూనే ఉన్నాయి. పాపం, అవి తొక్కుకుంటూనే పొద్దున్నే ఆటో తీస్తున్నాడు.

"పొంగేది వాని ముందల, జుర్మానా నాకా?" అంటూ సక్కుబాయి నోటీసు చింపబోతే కోడలు భాగ్యశ్రీ ఆమె చేయి పట్టుకుంది.

"ఆగు అత్తమ్మా. అందరి ఇండ్ల ముందల మోరి మూతున్నది. మన ముందలనే లేదు. మనది యాడికి పోయింది?" అంది, అరుగు వైపు చూస్తూ.

"ఒకప్పుడుండె. మీ మామ రోడ్డు దిక్కు జరిపిండు. రోడ్డేసినోళ్లు దాని మీద సిమెంటు పోసిండ్రు. నిన్నగాక మొన్నొచ్చినవ్, నా అరుగు జోలికి రాకు."

భాగ్యశ్రీ ఆ ఇంటికొచ్చి నాలుగేళ్లు. అత్త లెక్కలో అది నిన్నగాక మొన్నే. ఒక్కసారైనా బోనం ఎత్తాలని ఆ పిల్లకు ఆశ. ఏటా అడిగేది, ఏటా ఒకటే జవాబు వచ్చేది: "నాకు సత్తువున్నన్ని దినాలు నేనే ఎత్తుత."

ఎల్లప్ప గడపలో కూర్చుని తంబాకు నలుపుతున్నాడు. ఎంతసేపు నలిపినా నోట్లో వేసుకోవడం మరిచిపోయాడు.

మంగళవారం మున్సిపాలిటీ అధికారి సాయికృష్ణ గల్లీకి వచ్చాడు. వయసులో చిన్నవాడు, మాట మెత్తన, పని గట్టి.

"అమ్మా, పాత నక్షాల చూస్తే ఈ గల్లీకి ఆరు మూతలున్నయ్. లెక్కపెడితే అయిదే కనబడుతున్నయ్. మీదే లేదు. మూత చూపిస్తే జెట్టింగ్ బండి పంపిస్త, జోరుగా నీళ్లు కొట్టి లైను సాఫ్ చేస్తది. మూతే లేకుంటే నేనేం చెయ్యలేను. మనిషిని లోపలికి దించనీకైతే అసలే లేదు."

"రోడ్డు తవ్వుండ్రి, దొరుకుతది."

"యాడని తవ్వాలమ్మా? మీరు తవ్వితే దానికి ఇంకో నోటీసు వస్తది."

ఆటో తుడుస్తున్న బాలనర్సింహ అప్పుడు కల్పించుకున్నాడు. కల్పించుకోకుండా ఉంటే బాగుండేది. "సక్కక్కా, జామైంది నీ కాడనే. ఊకె లొల్లి ఎందుకు, ఒప్పుకోరాదు?"

అంతే, సక్కుబాయి కొంగు బిగించింది. అతని తిండి, అతని ఆటో, అతని వంటింట్లోంచి మోరీలో పడే మెతుకులు, ఏదీ వదలలేదు. పావుగంట తిట్టినా కసి తీరక, గల్లీ అంతా వింటుండగా చేయెత్తి గట్టిగా అనేసింది. "మోరి తప్పు నా ఇంటిదని తేలితే, అమ్మవారి తోడు, ఈ ఏడు నా నెత్తిన బోనమెత్తను! నీదని తేలితే గల్లీ అంత నువ్వే కడుగాలె!"

ఆదివారమే బోనాలు. అమ్మవారి తోడని అన్న మాటతో అక్కడ ఎవరూ ఆటలాడరు. ముప్ఫై ఏళ్లుగా ఒక్క ఏడు కూడా తప్పకుండా బోనం ఎత్తిన మనిషి అసలే ఆడదు. అయినా సక్కుబాయికి తప్పు తనది కాదు కదా అన్న ధీమా ఉంది.

ఆ ధీమాతోనే గురువారం పరీక్ష పెట్టింది. గల్లీ చివర మెయిన్ రోడ్డు దగ్గరున్న మూత తీయించి భాగ్యశ్రీని అక్కడ నిలబెట్టింది. పండుగకని తెచ్చిన పసుపు రెండు బకెట్ల నీళ్లలో చిక్కగా కలిపింది. ఆ నీళ్లు తన ఇంట్లోని మోరీలో పోస్తే గల్లీ చివర పచ్చగా కనిపించాలి. కనిపిస్తే తన లైను సాఫ్, బాలనర్సింహ నోరు బంద్. గల్లీ అంతా పనులు మానుకుని చూడ్డానికి నిలబడింది.

బకెట్లు రెండూ గుమ్మరించింది. "వచ్చిందా?"

"ఏం వస్తలేదు అత్తమ్మా!"

ఇంకో రెండు బకెట్లు మామూలు నీళ్లు పోసింది. మళ్లీ అదే జవాబు. ఇంతలో బాలనర్సింహ పిలిచాడు. అతని గొంతులో వెటకారం లేదు.

"సక్కక్కా, ఒక్కసారి గిటు చూడు."

అతని గడప ముందు, మూత చుట్టూ, పసుపు నీళ్లు మెల్లగా పైకి ఊరుతున్నాయి.

సక్కుబాయికి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేకపోయింది. తన ఇంటి నీళ్లకు కిందికి దారి లేదు. ఎదురెక్కి పక్కవాడి గడపలో తేలుతున్నాయి. పాపం అతను వారం నుంచి తొక్కుతున్నది ఆమె ఇంటి మురికి. ఆమె మెల్లగా మొగుడి వైపు తిరిగింది.

"మూత యాడికి జరిపినవ్?"

ఎల్లప్ప లేచి నిలబడ్డాడు. "జరపలే."

"ఏంది?"

"భూమిల కట్టిన మోరి చాంబర్ జరుగుతదా సక్కూ? మురికి మూత కాడ బోనం ఎట్ల పెట్టాలె అని నువ్వు ఏడిస్తివి. పండుగ రెండు దినాలే ఉండె. దాని మీదనే ఇటుక పెట్టి అరుగు కట్టేసిన. నువ్వు మస్తు సంబరపడ్డవ్. ఇగ చెప్పబుద్ధి కాలే."

గల్లీ మొత్తం చెవులు మూసుకోవడానికి సిద్ధపడింది. సక్కుబాయికి మాత్రం కోపం కంటే సిగ్గు ఎక్కువైంది. చాంబర్ జరుగుతుందా అని ఆనాడు తను ఎందుకు అడగలేదు? అడగాలనిపించక. అరుగు కావాలి, అంతే. కోడలు సోమవారమే వేలు పెట్టి చూపినంత పని చేస్తే దాని నోరు మూయించింది. చూసేవాళ్ల ముందు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

లోపలికెళ్లి గడ్డపార పట్టుకొచ్చింది.

"నాకియ్యి, నేను కొడత," అన్నాడు ఎల్లప్ప.

"నాకోసం కట్టినవ్ గద. పగలగొట్టేది నేనే."

మొదటి దెబ్బకు జాజు పట్టె పెచ్చులుగా రాలింది. రెండో దెబ్బకు సున్నం లేచింది. అరచేతులు బొబ్బలెక్కినా ఎవరికీ గడ్డపార ఇవ్వలేదు. బాలనర్సింహ సుత్తె తెస్తే, "పెళ్లలు మొయ్యి, సాలు," అంది. అతను నోరెత్తకుండా మోశాడు. పొద్దు వాలేసరికి ఇటుకల కింద తుప్పు పట్టిన గుండ్రటి మూత బయటపడింది.

శుక్రవారం జెట్టింగ్ బండి మెయిన్ రోడ్డు మీద ఆగింది, పైపు ఒక్కటే గల్లీలోకి వచ్చింది. నీళ్లు కొట్టి, పొడవాటి కొక్కెంతో లాగితే కొబ్బరి పీచు ముద్ద కట్టుకున్న సిమెంటు గడ్డ ఒకటి పైకొచ్చింది. అరుగు కట్టిన రోజు ఎల్లప్ప తాపీ మీంచి జారిన సిమెంటు మాల్ అది. అతను దాన్ని చూసి తల దించుకున్నాడు. లైనులో నీళ్లు గడగడా దిగిపోయాయి. సాయికృష్ణ గోడ మీది నోటీసు తనే పీకేశాడు.

బండి వెళ్లగానే సక్కుబాయి ఫినాయిల్ తెచ్చి బాలనర్సింహ గడప కడగడం మొదలుపెట్టింది.

"నువ్వెందుకక్కా?"

"నోర్మూసుకో. కాళ్లు తీయి."

ఆదివారం బోనం తయారైంది. కొత్త కుండ, పసుపు కుంకుమలు, వేపమండలు, పైన దీపపు ప్రమిద. చుట్టూ చేరిన వాళ్లలో ముందుగా బాలనర్సింహే అన్నాడు. "కోపంల అన్న మాట అది. ఏం ఫికర్ లేదు, ఎత్తక్కా."

"అమ్మ తోడన్న. గా అమ్మ దగ్గరికి మాట తప్పి పోవాల్నా?"

కుండ ఎత్తి భాగ్యశ్రీ చేతుల్లో పెట్టింది. ఆ పిల్ల నమ్మలేనట్టు చూసింది. గల్లీ మొదట్లో డప్పులు వినిపిస్తున్నాయి. భాగ్యశ్రీ కుండ పట్టుకుని గడప దాటి, అలవాటు ప్రకారం అరుగు ఉండాల్సిన చోటికి వచ్చి ఆగిపోయింది. అక్కడిప్పుడు కొత్త సిమెంటు అంచు, నడుమ ఆ పాత మూత. తెల్లవారకముందే ఎవరో ఆ మూతను తోమి కడిగి, పసుపు పూసి, చుట్టూ ముగ్గేశారు.

"ఎక్కడ దించాలె అత్తమ్మా?"

"గీ మూత మీదనే పెట్టు బిడ్డా," అంది సక్కుబాయి. "పదకొండేండ్లు నేను పెట్టింది గూడ దీని మీదనే."