నా అడుగున చెక్కిన పేరు

నేను ఒక స్టీలు బేసిన్ని. కాళ్లు కడగడానికి పుట్టి, తొమ్మిదేళ్లు ఒక్క కాలూ కడగకుండా బతికాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నన్ను తెనాలిలో కొన్నది మా సంఘపెద్ద ఆశీర్వాదంగారు. ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగినందుకు గుర్తుగా, మంచి శుక్రవారానికి ముందురోజు మా పాస్టరయ్యగారు పన్నెండుమంది కాళ్లు కడుగుతారు. అందుకోసం నేను. పేరు చెక్కేవాడు అంచు మీద మొదలుపెట్టబోతే ఆశీర్వాదంగారు ఆపారు.

"అంచు మీదయితే ఎవరికి కనపడుద్దయ్యా? లోపల, అడుగున చెక్కు. నీళ్లలోంచి కూడా కనపడాల."

అలా నా అడుగున 'దేవుని మహిమార్థం' అని చీమ తలకాయంత అక్షరాలు, 'బి. ఆశీర్వాదం, సంఘపెద్ద' అని బొటనవేలంత అక్షరాలు పడ్డాయి. కాళ్లు కడిగే బేసిన్ అడుగున పడేవి కాళ్లేనని ఆ మహానుభావుడికి తట్టలేదు.

ఆ గురువారం మొదటి కుర్చీలో యోబుగారు కూర్చున్నారు. ఆయనకూ ఆశీర్వాదంగారికీ సంఘపెద్దల ఎన్నికల నాటినుంచి మాటల్లేవు. యోబుగారు నీళ్లలోకి తొంగిచూసి, మీసాల్లో నవ్వుకుని, మడమ తెచ్చి సరిగ్గా ఆ పేరు మీదే ఆనించారు.

"ఆగండాగండి!" అంటూ ఆశీర్వాదంగారు లేచారు. "దేవుడి నామం మీద కాళ్లు పెడతారా!"

దేవుడి నామానికి ఆ కాలు జానెడు దూరంలో ఉందని చూసింది నేనొక్కదాన్నే. ఎక్కడినుంచో ప్లాస్టిక్ టబ్బు వచ్చింది. నేను మందిరంలోని అద్దాల బీరువాలోకి వెళ్లాను.

ఆ తర్వాత ఏటా అద్దంలోంచి చూస్తూనే ఉన్నాను. పన్నెండుమందీ ఇంట్లోనే సబ్బుతో కాళ్లు తోముకుని, పైగా పౌడరద్దుకుని వచ్చేవారు. నిజంగా కడగవలసిన కాళ్లు నాకు కనిపించినవి రెండే, మందిరం ఊడ్చే రాహేలమ్మవి. నాట్లలో నాని పగిలిన కాళ్లు. ఆమెను ఆ కుర్చీలో కూర్చోమని ఎవరూ పిలవలేదు.

తొమ్మిదో ఏడు ఆశీర్వాదంగారి కాలికి షుగరు పుండు లేచింది. రోజూ రెండుపూటలా కడిగి కట్టు కట్టకపోతే పాదం తీసెయ్యాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. సంఘమంతా వచ్చి గుమ్మం దగ్గర ముక్కు మూసుకుని ప్రార్థన చేసి వెళ్లింది. కడగడానికి మాత్రం పిలవకుండా వచ్చింది రాహేలమ్మే. బకెట్లో పాదం ఆనదు. వంటగిన్నెలు ముట్టుకోవద్దని కోడలు ముందే చెప్పేసింది.

"మందిరంలో బేసిను ఉంది గదయ్యా, తెస్తాను," అందట రాహేలమ్మ.

"అది దేవుడికిచ్చింది రాహేలూ."

"పుండు లేచింది దేవుడికా అయ్యా? మీకు గదా!"

అలా బయటపడ్డాను. మొదటిరోజు చీమూ నెత్తురూ నా మీద పడ్డప్పుడు నాకు అసహ్యం వెయ్యలేదు, ప్రాణం లేచొచ్చింది. నలభై రోజులు ఆమె మోకాళ్ల మీద కూర్చుని, కూనిరాగం తీస్తూ ఆ పాదం కడిగింది. "మెల్లగా! మెల్లగా!" అని ఆయన కసురుతూనే ఉన్నారు. ఆయన పాదం ఆయన పేరు మీదే ఆనేది. ఆయన ఒక్కసారీ కిందికి చూడలేదు.

రాహేలమ్మకు చదువు రాదు. బోరింగు దగ్గర నన్ను తోముతూ రోజూ ఒకటే సణుగుడు: "ఈ గీతలెవరు గీశారో గానీ, మురికంతా ఇందులోనే ఇరుక్కుంటంది."

పాదం దక్కింది. ఆదివారం ఆశీర్వాదంగారు నన్ను మందిరానికి తెచ్చి, పక్కన పెట్టుకుని అరగంట సాక్ష్యం చెప్పారు. డాక్టరుకు, పాస్టరయ్యగారికి, ప్రార్థన చేసినవారందరికీ, చివరికి యోబుగారికి కూడా వందనాలు చెప్పారు. రాహేలమ్మ పేరు ఆయన నోట రాలేదు. ఆమె గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతూ, అందరికంటే గట్టిగా "ఆమేన్" అంది. నేను కోపంతో కుతకుతలాడిపోయాను. బేసిన్లకు నోరుంటే ఆ ఆరాధన అక్కడితో ఆగేది.

మర్నాడే నా మీద రెండో వరుస పడింది: 'స్వస్థతకు కృతజ్ఞతగా, బి. ఆశీర్వాదం'. మళ్లీ అద్దాల బీరువా. ఇక నా బతుకింతే అనుకున్నాను.

శనివారం దుమ్ము దులపడానికి రాహేలమ్మ బీరువా తెరిచింది. నన్ను చేతిలోకి తీసుకుని వేలితో అడుగు తడిమింది.

"అయ్యో, మళ్లీ గీకారే! ఎట్టా తోమేది ఇంక? సర్లే, పద. ఎనకవీధి శాంతమ్మ మంచాన పడి నెలయింది, కాళ్లు చూసే దిక్కు లేదంట."

ఎవరినైనా అడగాలని కూడా ఆమెకు తోచలేదు. రెండు వరుసల పేర్లనూ చంకలో ఇరికించుకుని, పగిలిన కాళ్లతో గబగబా నడిచింది. ఆ కాళ్లు కడిగేవారు ఎప్పుడైనా వస్తే, నేను సిద్ధంగానే ఉన్నాను.