కత్తెరకు దొరకని పిల్ల

ఆ ఇంటి పెద్దపిల్లకు వాళ్లమ్మ పెట్టుకున్న ముద్దుపేరు ఆరాలమ్మ. ఫ్రిజ్ తలుపు మూశాక లోపలి దీపం నిజంగా ఆరిపోతుందా, పక్కింటాయన సైకిలుకు రెండు తాళాలెందుకు, ఇలాంటి ఆరాలన్నీ ఆ పిల్లకే కావాలి. పదకొండేళ్ల వయసులో ఆమెకు అన్నిటికన్నా పెద్ద ఆరా ఒకటి దొరికింది. అది తన గురించే.

అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే ఆసుపత్రిలో పుట్టారు. అమ్మానాన్నలు వలస వచ్చిన ఈ దేశానికి చెల్లెలు పౌరురాలు, అక్క కాదు.

"అదెలా? ముందొచ్చింది నేనే కదా!"

"అదే నువ్వు చేసిన పొరపాటు. తొందరపడి ఊడిపడ్డావు," అంది అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ. "అప్పటికి మాకిక్కడ స్థిరంగా ఉండే అనుమతి రాలేదు. చెల్లి పుట్టేసరికి వచ్చింది. అమ్మానాన్నలకు అది ఉంటేనే పిల్లలకు పుట్టగానే పౌరసత్వం."

చట్టం రాసినవాళ్లు మరీ రాతిగుండెవాళ్లేం కాదు, ఒక దారి వదిలారు. ఇక్కడే పుట్టి పదేళ్లూ ఇక్కడే పెరిగిన పిల్లకు పౌరసత్వం ఇస్తారు. కాకపోతే ఏ ఏటికి ఆ ఏడు పిల్ల ఇక్కడే ఉందని ఆధారం చూపాలి. రెండేళ్లు నిండేవరకూ టీకాలున్నాయి, నాలుగో ఏటి నుంచి బడి ఉంది. మూడో ఏడే ఖాళీ. ఆ ఏడు పిల్లకు జలుబన్నా చేయలేదు, డాక్టరు గడప తొక్కలేదు. చెల్లెలైతే నెలకోసారి డాక్టరును పలకరించి వచ్చిన ఘటం. గుండ్రాయిలా ఉండటం కూడా ఒక నేరమవుతుందని ఎవరనుకుంటారు?

"నెలాఖరులోగా ఆ ఏటికి ఆధారం తేవాలి. లేకపోతే దరఖాస్తు మూసేస్తాం," అంది పౌరసత్వం ఆఫీసులో అధికారిణి.

"మూసేస్తే?" అని అడిగింది ఆరాలమ్మ.

"పెద్దయ్యాక ఇక్కడ ఉండాలంటే వీసా అడగాలి."

"పుట్టిన ఊళ్లో ఉండటానికా?"

అధికారిణి తరువాతివాళ్లను పిలిచింది.

ఇంటికి రాగానే ఆరాలమ్మ నాన్నను పట్టుకుంది. ఆయన పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. "ఆ ఏడంతా నేనెక్కడున్నాను నాన్నా?"

"ఇంకెక్కడ, నా కాళ్లకు అడ్డం పడుతూ! అమ్మ డ్యూటీకి పోయేది. చూసేవాళ్లు లేక నిన్ను పెళ్లిళ్లకు వెంటేసుకుపోయేవాణ్ని."

"అయితే ఏదో ఒక వీడియోలో ఉంటానుగా!"

ఆ పిల్ల ఎన్ని పెళ్లిళ్లలో కెమెరా ముందుకు పరిగెత్తిందో నాన్నకు బాగా గుర్తుంది. పెళ్లివారి పిల్ల అయితే ముద్దు. వీడియో తీయడానికి వచ్చినవాడి పిల్ల అయితే మాట పడాల్సిందే. అందుకని ఆమె కనబడ్డ ప్రతిచోటా కత్తిరించాడు. ఆయన కత్తిరిస్తే అతుకు తెలియదని పేరు. తీసేసిన ముక్కలు దాచనైనా లేదు, చెరిపేశాడు.

"నా చేతులతో నేనే..." అని ఆగిపోయాడు.

ఆరాలమ్మకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. వాటికంటే ముందు ప్రశ్న వచ్చింది. "ఒక్కచోటైనా వదిలేసి ఉండవా?"

నాన్నకు పెళ్లిళ్లు మనుషుల పేర్లతో గుర్తుండవు. కరెంటు పోయిన పెళ్లి, బూట్లు మారిపోయిన పెళ్లి, మామగారు అలిగిన పెళ్లి. ఆయన ఒక్కొక్కటే చెబుతుంటే ఆరాలమ్మ ఫోన్లు కలిపింది. అందరిదీ ఒకటే మాట. "మీ నాన్న పనికి వంకపెట్టలేం పాపా. మధ్యలో ఈగ కూడా అడ్డం రాలేదు." మామూలుగా అయితే ఆ పొగడ్తకు పొంగిపోయే మనిషి, ఆ రోజు తలెత్తలేదు.

చివరికి గొణిగాడు. "తుమ్ముల పెళ్లికూతురని ఒకావిడుంది, పెళ్లంతా తుమ్ముతూనే ఉంది. ఆ వీడియో తలచుకుంటేనే సిగ్గు. ఆవిడకు మాత్రం చెయ్యకే."

అంతకన్నా ఏం చెప్పాలి? ఆరాలమ్మ వెంటనే చేసింది.

"నువ్వేనా ఆ పిల్లవి!" అని అరిచింది తుమ్ముల పెళ్లికూతురు. "ఏటా పెళ్లిరోజున మేం ఆ వీడియో పెట్టుకునేదే నీ కోసం. మీ భాషలో ఏదో అంటుంటావు, ఏమిటో మాకిప్పటికీ తెలీదు!"

వీడియోతో పాటు తనూ సాక్ష్యం చెబుతానని ఆవిడ ఆఫీసుకే వచ్చింది. అధికారిణి కంప్యూటర్ తెర మీద పెళ్లికూతురు పెళ్లి ప్రమాణం చేస్తోంది. అంతలో ఎక్కడినుంచో సన్నటి గొంతు: "నాన్నా! ఎత్తుకో!" మళ్లీ అదే, ఇంకా గట్టిగా. కెమెరా వణికింది. పెళ్లికూతుర్ని వదిలేసి కిందికి దిగింది. మూతినిండా కేకు పూసుకుని, రెండు చేతులూ పైకి చాచి ఒక పిల్ల. ఎడమ కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు. "ఒక్క నిమిషం తల్లీ" అంది నాన్న గొంతు, కెమెరా పైకి లేచింది. ఈలోగా పెళ్లికూతురి ప్రమాణం సాగిపోతూనే ఉంది. అక్కడ కత్తెర వేస్తే ప్రమాణం సగానికి తెగిపోతుంది. అందుకే ఆయన వేయలేకపోయాడు.

అధికారిణి ఆరాలమ్మ కనుబొమ్మ మీద అదే గాటు చూసింది, పెళ్లి తేదీ చూసింది, పెళ్లికూతురి వైపు చూసింది. ఆవిడ సరిగ్గా అప్పుడే తుమ్మింది.

"పాప ఏమంటోంది?"

"ఎత్తుకోమంటున్నాను," అంది ఆరాలమ్మ.

"ఎత్తుకున్నారా?" అధికారిణి నాన్ననడిగింది. కాగితాలకు అక్కర్లేని ప్రశ్న అది. ఆవిడకూ ఆరా పుట్టింది మరి.

"లేదండీ. పనిలో ఉన్నాను," అన్నాడు నాన్న.

అధికారిణి ముద్ర వేసింది. "ఆ ఏడు కూడా ఇక్కడే ఉంది. ఇక అభ్యంతరం లేదు."

మెట్లు దిగి వీధిలోకి వచ్చాక నాన్న ఉన్నట్టుండి ఆగాడు. వంగి, పదకొండేళ్ల పిల్లను అమాంతం ఎత్తుకున్నాడు. ఆమె కాళ్లు ఆయన మోకాళ్లకు తగులుతున్నాయి.

"దించు నాన్నా! అందరూ చూస్తున్నారు!"

"చూడనీ," అన్నాడు నాన్న.