గట్టు కింద కర్రు

వెంకాయమ్మ మాటంటే మాటే. అవనిగడ్డ దిగువన ఆ ఊళ్లో ఆమె "ఇక్కడ" అన్నదంటే ఇక్కడే. నిరుటి కృష్ణ వరద ఒక్కటే ఆమె మాట వినలేదు. ఆమె చేనుకూ గోవర్ధనరావు చేనుకూ నడుమనున్న గట్టునూ, దాని మీది హద్దురాయినీ ఊడ్చుకుపోయి, జానెడు ఒండ్రు పరిచిపోయింది.

హద్దు నీళ్ల బోదెకు ఇవతల అని గోవర్ధనరావు. కాదు, బోదె దాటి మూడడుగుల అవతల అని వెంకాయమ్మ. అతని మాట నెగ్గితే బోదె అతనిదవుతుంది. ఆ పైన తన రెండెకరాలకు తడి కావాలన్నప్పుడల్లా అతని గుమ్మంలో నిలబడాలి. అంతకంటే చేను బీడు పెట్టుకోవడమే నయం అనుకుంది వెంకాయమ్మ.

"రేపు కాలవకు నీళ్లొదులుతున్నారమ్మా" అన్నారు కరణం భీమశంకరంగారు. "ఇవాళ పొద్దుగుంకేలోగా తేలకపోతే గోవర్ధనరావు చెప్పినచోట రాయి పాతించేస్తాను. పై చేల గట్ల వరస చూస్తే అతని మాటకే దగ్గరగా ఉంది."

"తేలకేం. కింద కర్రుంది" అంది వెంకాయమ్మ.

హద్దురాయి పాతేముందు గుంతలో ఇనుము వేయడం అటువైపు ఆనవాయితీ. రాయిని జరిపేవాడికి అడుగునున్నది గుర్తుండదు. ముప్పై ఏళ్ల కిందట, కాపురానికొచ్చిన కొత్తలో, విరిగిన నాగటి కర్రును ఆమే తన చేత్తో గుంతలోకి జారవిడిచింది. నాలుగు రోజులుగా పారలతో ఎంత తవ్వించినా అది తగల్లేదు. అందుకే బందరు నుంచి పురుషోత్తాన్ని పిలిపించింది.

పురుషోత్తం ఆ ఊరి బడిపంతులుగారబ్బాయి. యుద్ధంలో పనిచేసి నిరుడే తిరిగొచ్చాడు. వస్తూ వస్తూ, సైన్యం వదిలించుకున్న సామాన్ల వేలంలో మందుపాతర్లు వెతికే మిషనొకటి కొనుక్కొచ్చాడు. పొడుగాటి కర్ర, కొసన పళ్లెంలాంటి చట్రం, వీపున బ్యాటరీల పెట్టె, చెవులకు రెండు చిప్పలు. చెవిలో సన్నగా ఈల వేస్తుంటుంది, భూమిలో ఇనుముంటే ఆ ఈల పెద్దదవుతుంది. తీరా చేలోకొచ్చి మీట నొక్కితే కుయ్యి లేదు, కయ్యి లేదు.

"పెద్ద బ్యాటరీ బాగానే ఉందండీ. చిన్నవి అయిపోతే పామర్రులో టార్చివి కొన్నాను. ఇవి కాస్త పొట్టి. ఒకదాని మీదొకటి నిలబెట్టినా పెట్టెలో పై రేకును అందుకోవడం లేదు" అన్నాడు పురుషోత్తం.

గోవర్ధనరావు కాలవ గట్టు మీద కూర్చుని చుట్ట ముట్టించాడు. "దొరల మిషనుకి మన బ్యాటరీలు ఆనతాయా, వదినా? పొద్దు వాలిపోతంది."

పురుషోత్తం జేబులోంచి చిల్లు కాణీ తీసి పై బ్యాటరీ నెత్తిన పెట్టి మూత బిగించాడు. ఉలుకూ పలుకూ లేదు. రెండోది వేశాడు. అదీ అంతే. వెంకాయమ్మ పెట్టె లాక్కుని లోపలికి చూసింది. టార్చి బ్యాటరీని ఆమె ముట్టుకోవడం అదే మొదలు.

"బ్యాటరీ బొడిపె వెళ్లి కాణీ చిల్లులో కూర్చుంది నాయనా. గోతిలో నిలబడి ఎత్తు చాల్లేదంటే ఎలాగ?"

కొంగుముడి విప్పి పాత రాగి కాణీ తీసింది. చిల్లు లేనిది, మందమైనది. పెళ్లయిన ఏడు మోపిదేవి తిరునాళ్లలో మొగుడు చేతిలో పెట్టిన కాణీ అది. ఆయన పోయి తొమ్మిదేళ్లయినా దాన్ని ఖర్చు పెట్టలేదు. పురుషోత్తం దాన్ని బొడిపె మీద ఉంచి మూత వేయగానే చెవి చిప్పల్లో సన్నగా ఈల మొదలైంది.

బోదె అవతల మూడడుగుల దగ్గర, వెంకాయమ్మ చూపించిన చోట, ఈల మారలేదు. పురుషోత్తం ఒక్కో అడుగే ఇటు జరిగాడు. సరిగ్గా బోదె అవతలి ఒడ్డున ఆగి చెయ్యెత్తాడు. మోచేతి లోతున తుప్పుపట్టిన కర్రు బయటపడింది.

"బోదె వెంకాయమ్మదే. ఆ మూడడుగులు మటుకు గోవర్ధనరావువి" అన్నారు కరణంగారు.

వెంకాయమ్మకు అప్పుడు వెలిగింది. ఏటా వేసవిలో గట్టు చెక్కి వస్తానని మొగుడు ఒక్కడే పార భుజాన వేసుకుని వెళ్లేవాడు. పాలేరు వస్తానన్నా వద్దనేవాడు. ఏటికొక బెత్తెడు గట్టును అవతలికి నెట్టాడన్నమాట. చివరికి రాయినీ జరిపి ఉంటాడు. ఆ మూడడుగుల్లో పండింది తన కంచంలోకే వచ్చింది. నలుగురి ఎదుటా ఆమెకు సిగ్గేసింది. పోయిన మనిషి మీద కోపమూ వచ్చింది, ఆ వెనకే జాలీ వచ్చింది.

"గోవర్ధనం, నీ నేల నువ్వు తీసుకో. మా ఆయన చెక్కాడు, నేను తిన్నాను" అంది. గొంతు మాత్రం తగ్గించలేదు.

గోవర్ధనరావు చుట్ట పారేసి లేచి నిలబడ్డాడు. "పోనీలే వదినా" అన్నాడు మెల్లగా.

"పోనిస్తే ఎలాగ? రాయి తెప్పించు." ఆమె పురుషోత్తం వైపు చెయ్యి చాపింది. "నా కాణీ ఇలా ఇయ్యి. ఈసారి కర్రుతో పాటు అదీ గుంతలో పడాలి."

"అది తీస్తే మిషను ఆగిపోద్దండీ."

"ఆగనీ నాయనా. అది చెప్పాల్సింది చెప్పేసింది."